విండోస్ మారిన తర్వాత బ్యాకప్ పనిచేస్తోందా? సరిచూసుకునే పద్ధతి



మన స్కాలర్‌షిప్ విద్యార్థుల ఇళ్ళలో చాలావరకు కంప్యూటరు ఒక్కటే ఉంటుంది. అక్క ప్రాజెక్టు రిపోర్టు, తమ్ముడి దరఖాస్తులు, నాన్నగారి దుకాణం లెక్కలు, పెళ్ళి ఫొటోలు అన్నీ అందులోనే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందువల్ల చాలామంది విండోస్ 11కి మారారు, ఇంకా మారుతున్నారు. మారేటప్పుడు ఫైళ్ళు సాధారణంగా ఎక్కడివక్కడే ఉంటాయి. చిక్కు వచ్చేది వాటి నకళ్ళు తీసే బ్యాకప్ ప్రోగ్రాముతో. అది ఆగిపోవచ్చు. లేదా ఆగకుండానే వట్టి పని చేస్తూ ఉండవచ్చు. రెండోదే ఎక్కువ ప్రమాదం.

నేను ఆదివారాల్లో పిల్లలకు కంప్యూటరు పాఠాలు చెబుతుంటాను. విండోస్ మార్చుకున్నాక "బ్యాకప్ కావడం లేదు మాస్టారూ" అని వచ్చేవారికి నేను ఏ వరుసలో చూసి చెబుతానో ఈ పాఠంలో రాస్తున్నాను. తెర మీద ఇంగ్లీషులో కనిపించే మాటలను తెలుగు అక్షరాల్లోనే ఇచ్చాను. చదువుతూ పోల్చుకోండి.

ముందుగా చేయకూడని పనులు

చాలాసార్లు నష్టం జరిగేది చెడిపోయినప్పుడు కాదు, తొందరపడి బాగుచేయబోయినప్పుడు. కాబట్టి మొదట ఈ నాలుగు గుర్తుంచుకోండి.

1. బ్యాకప్ డిస్కు తగిలించగానే "ఫార్మాట్" చేయమని గానీ, "ఇనిషియలైజ్" చేయమని గానీ అడిగితే ఒప్పుకోవద్దు. ఆ మీట నొక్కితే పాత నకళ్ళు పోతాయి. డిస్కు తీసి పక్కన పెట్టి ఆలోచించండి.

2. పాత బ్యాకప్ ప్రోగ్రామును వెంటనే తీసేయవద్దు. కొన్ని ప్రోగ్రాములు ఫైళ్ళన్నిటినీ తమ సొంత పద్ధతిలో ఒకే మూటగా కట్టి దాస్తాయి. ఆ మూట విప్పడానికి మళ్ళీ ఆ ప్రోగ్రామే కావాలి. దాని పేరు, వెర్షను సంఖ్య, లైసెన్సు సంఖ్య, పాస్‌వర్డు కాగితం మీద రాసుకోండి.

3. సి డ్రైవులో "విండోస్.ఓల్డ్" అనే ఫోల్డరు కనిపిస్తే, చోటు చాలలేదని దాన్ని తుడిచేయవద్దు. పాత విండోస్ అందులో ఉంటుంది. మామూలుగా 10 రోజుల వరకు ఉండి, తర్వాత దానంతటదే పోతుంది. ఆ గడువులో "సెట్టింగ్స్", "సిస్టమ్", "రికవరీ" లోకి వెళ్ళి "గో బ్యాక్" ద్వారా పాత విండోస్‌కు తిరిగి వెళ్ళవచ్చు. వెళ్ళే ముందు కొత్తగా చేసిన పనిని వేరే పెన్‌డ్రైవులో వేసుకోండి.

4. పాత నకలు మీదే కొత్త నకలు రాయవద్దు. కొత్త నకలు సరిగా వచ్చిందని రుజువయ్యే వరకు పాతదాన్ని ముట్టుకోకూడదు.

మొదటి ప్రశ్న: అసలు ఫైళ్ళు ఎక్కడున్నాయి?

బ్యాకప్ ప్రోగ్రాము మన తపాలా మనిషి లాంటిది. ఇచ్చిన చిరునామాకు వెళుతుంది, అక్కడ ఉన్నది తీసుకొస్తుంది. ఇల్లు మారిన సంగతి మనం చెప్పకపోతే పాత ఇంటి తలుపే తడుతుంది.

విండోస్ 11 ఏర్పాటు చేసుకునేటప్పుడు మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశిస్తే, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు "వన్‌డ్రైవ్" అనే ఫోల్డరు లోపలికి మారే అవకాశం ఉంది. తెర మీద డెస్క్‌టాప్ ఎప్పటిలాగే కనిపిస్తుంది. లోపలి చిరునామా మాత్రం మారిపోతుంది. పాత చిరునామా పట్టుకుని తిరిగే బ్యాకప్ ప్రోగ్రాముకు అక్కడ కొత్త ఫైలు ఒక్కటీ దొరకదు. దొరకలేదు కాబట్టి తప్పు కూడా దొరకదు. "పూర్తయింది, తప్పులు లేవు" అని చెప్పేస్తుంది.

ఇలా జరిగితే ఏమవుతుందో నేను చూశాను. బరంపురం వైపు నుంచి వచ్చిన ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని విండోస్ మార్చుకున్నాక మూడు వారాల పాటు రోజూ బ్యాకప్ సందేశం చూసుకుంటూ పని చేసింది. ప్రతిరోజూ "పూర్తయింది" అనే వచ్చింది. ఒకరోజు రైల్లో ల్యాప్‌టాప్ పోయింది. ఇంట్లో ఉన్న డిస్కు తెరిచి చూస్తే విండోస్ మార్చిన రోజు వరకు ఉన్న ఫైళ్ళే ఉన్నాయి. క్లౌడులో ఉంటాయేమోనని చూస్తే, ఉచితంగా ఇచ్చిన చోటు ఎప్పుడో నిండిపోయి కొత్తవేవీ ఎక్కలేదు. మూడు వారాల కొలతలను ఆ అమ్మాయి చేతిరాత నోటుబుక్కు చూసి మళ్ళీ ఎక్కించుకుంది. ఆ నోటుబుక్కు లేకపోతే ప్రాజెక్టుతో పాటు ఒక సెమిస్టరే పోయేది.

రోజూ వచ్చిన ఆ సందేశం అబద్ధం కాదు. ప్రోగ్రాము తనకు చెప్పిన చోటికి వెళ్ళింది, తనకు చెప్పిన పని చేసింది. "పూర్తయింది" అన్న మాట పక్కనే ఉండే "కాపీ అయిన ఫైళ్ళు" అన్న సంఖ్యను చూడాలి. మీరు రోజంతా పని చేసినా అక్కడ సున్నా ఉందంటే ఏదో తేడా ఉన్నట్టే.

మీ ఫైళ్ళ అసలు చిరునామా తెలుసుకోవడం తేలిక. ఈరోజు మార్చిన ఏదైనా ఫైలు మీద మౌస్ కుడి మీట నొక్కి "ప్రాపర్టీస్" తెరవండి. "లొకేషన్" అన్న వరుసలో చిరునామా ఉంటుంది. అదే చిరునామా బ్యాకప్ ప్రోగ్రాములోనూ ఉందా? లేకపోతే అక్కడ మార్చండి. సగం కష్టాలు ఇక్కడే తీరిపోతాయి.

వన్‌డ్రైవ్ వాడేవారికి మరో మూడు మాటలు. ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీ మాత్రమే. ఫైలు పక్కన మేఘం గుర్తు ఉంటే ఆ ఫైలు మీ కంప్యూటరులో లేదని, ఇంటర్నెట్‌లో మాత్రమే ఉందని అర్థం. అలాంటివి డిస్కులోకి నకలు కాకపోవచ్చు. ఫోల్డరు మీద కుడి మీట నొక్కి "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్" ఎంచుకుంటే కంప్యూటరులోకి దిగుతాయి. ఇక మూడోది, అక్కడ తుడిచేస్తే ఇక్కడా తుడిచిపోతుంది. రెండు చోట్లా ఒకేలా ఉంచడం దాని పని. అందుకే దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

ఫోల్డరు ఒకచోట, ఫైళ్ళు మరోచోట ఉండటం పెద్ద కంపెనీలను కూడా ఇబ్బంది పెట్టింది. 2018 అక్టోబరు 2న విడుదలైన విండోస్ 10 అప్‌డేట్ వల్ల కొందరి ఫైళ్ళు మాయమయ్యాయి. మైక్రోసాఫ్ట్ అక్టోబరు 6న దాన్ని ఆపేసింది. డాక్యుమెంట్స్ వంటి ఫోల్డరును వేరే చోటికి మళ్ళించుకుని, కొన్ని ఫైళ్ళను పాతచోటే వదిలేసినవారి పాత ఫోల్డర్లను ఆ అప్‌డేట్ తీసేసిందని తర్వాత తేలింది. సరిచేసి నవంబరు 13న మళ్ళీ విడుదల చేశారు. వేరే డిస్కులో నకలు ఉన్నవారికి అది ఒక పూట చికాకు. లేనివారికి ఏళ్ళ తరబడి దాచుకున్నవి పోయినట్టే.

రెండో ప్రశ్న: డిస్కు కనిపిస్తోందా?

విండోస్ ప్రతి డిస్కుకు ఒక అక్షరం ఇస్తుంది. మొన్నటి వరకు "ఇ" అని ఉన్న బయటి డిస్కు, విండోస్ మారాక "ఎఫ్" కావచ్చు. ప్రోగ్రాము మాత్రం "ఇ" కోసమే వెతుకుతుంది, దొరక్క "డిస్కు లేదు" అంటుంది. ప్రోగ్రాములోనే కొత్త అక్షరం ఎంచుకుంటే చాలు. అది కుదరకపోతే "డిస్క్ మేనేజ్‌మెంట్"లో బయటి డిస్కును గుర్తించి "చేంజ్ డ్రైవ్ లెటర్" ద్వారా పాత అక్షరం ఇవ్వవచ్చు. అదే పట్టికలో "ఫార్మాట్" కూడా ఉంటుంది. పిల్లలు ఒక్కరే కూర్చుని చేయకుండా, పక్కన మరొకరిని చదివి చెప్పమనండి.

డిస్కు కనిపిస్తున్నా పెద్ద ఫైలు దగ్గర ఆగిపోతుంటే దాని అమరిక చూడండి. డిస్కు "ప్రాపర్టీస్"లో "ఫ్యాట్ 32" అని ఉంటే, అందులో 4 జీబీని మించిన ఫైలు ఒక్కటీ పట్టదు. డిస్కులో ఎంత ఖాళీ ఉన్నా ఇంతే. దాన్ని "ఎన్‌టీఎఫ్‌ఎస్" లేదా "ఎక్స్‌ఫ్యాట్"గా ఫార్మాట్ చేయాలి. ఫార్మాట్ అంటే తుడిచివేత కాబట్టి, అందులో ఉన్నవన్నీ ముందు మరో చోట భద్రం చేసుకోవాలి.

మూడో ప్రశ్న: ప్రోగ్రాము కొత్త విండోస్‌కు సరిపోతుందా?

బ్యాకప్ ప్రోగ్రాములు విండోస్ లోపలి పొరల్లో పని చేస్తాయి. అందుకు "డ్రైవర్" అనే చిన్న సాధనం వాడతాయి. పాత డ్రైవర్లలో భద్రత లేనివాటిని విండోస్ 11లోని "మెమరీ ఇంటిగ్రిటీ" అనే రక్షణ అడ్డుకోగలదు. అప్పుడు ఆ రక్షణను తీసేయమని కొందరు సలహా ఇస్తారు. వద్దు. తాళం సరిగా పడలేదని తలుపే పీకేస్తామా? తయారీదారు అధికారిక చోటు నుంచి విండోస్ 11కి పనికివచ్చే కొత్త వెర్షను తెచ్చుకోండి. అలాంటిది లేకపోతే, విండోస్ 10 ఉన్న మరో కంప్యూటరులో పాత ప్రోగ్రాముతోనే మూట విప్పి, ఫైళ్ళను మామూలు ఫోల్డర్లుగా బయటికి తీసుకోండి. ఆ పని ముగిసేవరకు పాత ప్రోగ్రాము ఉండాలి.

"షాడో కాపీ" అన్న మాటతో తప్పు సందేశం వస్తే భయపడవద్దు. గుమాస్తా ఖాతా పుస్తకంలో రాస్తూ ఉండగానే ఎవరైనా దాని నకలు తీస్తే సగం అంకె పడుతుంది. అందుకని ఆ క్షణానికి ఉన్న స్థితిని విడిగా నిలిపి ఉంచి నకలుకు అందించే ఏర్పాటు విండోస్‌లో ఉంది. దాని పేరే "వాల్యూమ్ షాడో కాపీ". అది తడబడితే ఈ వరుసలో చూడండి: కంప్యూటరును ఒకసారి "రీస్టార్ట్" చేయండి. సి డ్రైవులో ఖాళీ ఉందా చూడండి. రెండు బ్యాకప్ ప్రోగ్రాములు ఒకే సమయానికి మొదలవుతున్నాయేమో చూసి, ఒకదాని సమయం మార్చండి. చివరగా "సర్వీసెస్"లో ఆ పేరు పక్కన "డిసేబుల్డ్" అని ఉంటే "మాన్యువల్"గా మార్చండి. అవసరం లేనప్పుడు అది నడవకుండా ఉండటం సహజమే.

"అనుమతి లేదు" అన్న సందేశం వస్తే "విండోస్ సెక్యూరిటీ"లో "ప్రొటెక్షన్ హిస్టరీ" చూడండి. "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" అడ్డుకున్నట్టు అక్కడ ఉంటే, మీ బ్యాకప్ ప్రోగ్రాము ఒక్కదానికి అనుమతి ఇవ్వండి. రక్షణ మొత్తాన్ని ఆపవద్దు.

అసలు మొదలే కాకపోతే సమయపట్టిక చూడండి. రాత్రి 11 గంటలకు పెట్టుకున్న పని, ల్యాప్‌టాప్ మూసి ఉంటే జరగకపోవచ్చు. కరెంటుకు తగిలించి ఉంటేనే మొదలయ్యే షరతు కూడా ఉండవచ్చు. ఇంట్లో అందరూ భోజనాల దగ్గర ఉండే వేళకు మార్చి, ఆ సమయానికి ఛార్జర్ పెట్టి ఉంచండి.

"ఫైల్ హిస్టరీ" వాడినవారికి

విండోస్‌తో పాటే ఉచితంగా వచ్చే "ఫైల్ హిస్టరీ" 2012లో విండోస్ 8తో మొదలైంది. విండోస్ 10లో అది "సెట్టింగ్స్"లో కనిపించేది. విండోస్ 11లో అక్కడ కనిపించదు కాబట్టి "తీసేశారు" అనుకుంటారు. అది "కంట్రోల్ ప్యానెల్"లో ఉంది. అక్కడ ఆపివేసి ఉంటే "టర్న్ ఆన్" చేయాలి.

దీనిలో ఒక మంచి గుణం ఉంది. ఇది ఫైళ్ళను మూట కట్టదు. బయటి డిస్కులో "ఫైల్‌హిస్టరీ" అనే ఫోల్డరు తెరిచి, లోపల మీ పేరు, కంప్యూటరు పేరు, "డేటా" దాటుకుంటూ వెళితే, మీ ఫైళ్ళు మామూలుగానే కనిపిస్తాయి. ప్రతి పేరు చివర తేదీ, సమయం చేర్చి ఉంటాయి. ఏ ప్రోగ్రామూ పని చేయకపోయినా వాటిని చేత్తో కాపీ చేసుకోవచ్చు.

అసలు పరీక్ష: తిరిగి తెచ్చి చూడటం

ఇంతవరకు చేసినదంతా సన్నాహమే. బ్యాకప్ అంటే నకలు తీయడం మాత్రమే కాదు, అవసరమైనప్పుడు తిరిగి తెచ్చుకోగలగడం. విండోస్ మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి. పావుగంట చాలు.

డెస్క్‌టాప్ మీద "పరీక్ష" అనే కొత్త ఫోల్డరు చేయండి. బ్యాకప్ నుంచి మూడు ఫైళ్ళను అందులోకి తీసుకురండి. ఒకటి ఈ వారం మార్చినది, ఒకటి చాలా పెద్దది, ఒకటి తెలుగులో రాసినది. అసలు ఫైళ్ళ మీదికి తేకుండా కొత్త ఫోల్డరులోకే తేవాలి. తర్వాత ఒక్కొక్కటీ తెరిచి చివరి పేజీ వరకు చూడండి. వీలైతే మరో కంప్యూటరులో కూడా తెరవండి. అసలు కంప్యూటరు లేని రోజున మీకు దిక్కయ్యేది ఆ మరో కంప్యూటరే.

తెలుగు ఫైలు ఎందుకంటే, మనవారికి ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఒకటుంది. విండోస్ 10, 11లలో "గౌతమి", "వాణి" ఫాంట్లు అదనపు సౌకర్యంగా మాత్రమే వస్తాయి. "ఆప్షనల్ ఫీచర్స్"లో "తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్" చేర్చుకుంటే వస్తాయి. అవి లేకపోయినా యూనికోడ్‌లో రాసినది "నిర్మల" ఫాంటుతో చదవగలం. రూపం మారుతుంది, మాట పోదు. అను వంటి పాత డి.టి.పి. ఫాంట్లతో చేసిన ఫైళ్ళ సంగతి వేరు. ఆ ఫాంటు లేకపోతే అక్షరాల బదులు గుర్తులు, గీతలు కనిపిస్తాయి. బ్యాకప్ చెడిందని ఫైలును పారేయవద్దు. ఫాంటు పెట్టుకుంటే మళ్ళీ తెలుగు కనిపిస్తుంది. ఫాంట్లు డాక్యుమెంట్స్ ఫోల్డరులో ఉండవు కనుక వాటిని, వాటి ఇన్‌స్టాల్ ఫైలును విడిగా దాచుకోండి. ప్రతి ముఖ్యమైన ఫైలుకూ ఒక పి.డి.ఎఫ్. నకలు కూడా తీసి ఉంచండి.

ఏవి ముందు దాచాలి?

తిరిగి దొరికేవి, దొరకనివి అని రెండు జాబితాలు వేసుకోండి. 2015లో మొదలైన డిజిలాకర్‌లో మీ బోర్డు జారీ చేసిన మార్కుల పత్రం ఉంటే, దాన్ని ఎన్నిసార్లయినా తెచ్చుకోవచ్చు. పాఠ్యపుస్తకాల పి.డి.ఎఫ్.లు మళ్ళీ దొరుకుతాయి. మీరు రాసిన ప్రాజెక్టు, మీరు తీసిన కొలతలు, దుకాణం లెక్కలు, తాతగారి ఫొటోలు ఎక్కడా దొరకవు. స్కాలర్‌షిప్ దరఖాస్తు పంపాక వచ్చిన రసీదు, దరఖాస్తు సంఖ్య కూడా ఈ రెండో జాబితాలో పెట్టండి.

రెండో జాబితాకు మూడు నకళ్ళు ఉండాలి. అవి రెండు రకాల సాధనాల్లో ఉండాలి. ఒకటి ఇంటి బయట ఉండాలి. దీన్ని 3-2-1 సూత్రం అంటారు. ఖర్చు ఎక్కువ కాదు. కంప్యూటరులో ఒకటి, పెన్‌డ్రైవు లేదా బయటి డిస్కులో ఒకటి, గూగుల్ ఖాతాతో ఉచితంగా వచ్చే 15 జీబీలో ఒకటి. ఆ 15 జీబీ మెయిల్, ఫొటోలు, ఫైళ్ళు మూడింటికీ కలిపి అని గుర్తుంచుకోండి. నకలు తీయగానే డిస్కును ఊడదీయండి. 2017 మే నెలలో వ్యాపించిన వన్నాక్రై వంటి వైరస్‌లు కంప్యూటరుకు తగిలించి ఉన్న డిస్కులను కూడా తాళం వేసేస్తాయి.

తల్లిదండ్రులకు ఒక మనవి. కొత్త కంప్యూటర్లలో చాలావాటికి "బిట్‌లాకర్" తాళం ఉంటుంది. విండోస్ మార్చినప్పుడు అది 48 అంకెల తాళంచెవి సంఖ్య అడగవచ్చు. సాధారణంగా అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది. విండోస్ మార్చకముందే దాన్ని కాగితం మీదికి ఎక్కించి, రేషన్ కార్డు పెట్టే చోట పెట్టండి. కంప్యూటరులోనే దాచుకుంటే, బీరువా తాళంచెవిని బీరువాలో పెట్టి తాళం వేసినట్టవుతుంది.

ఇంటి పని

1. ఈరోజు మార్చిన ఒక ఫైలు "లొకేషన్" రాసుకోండి. బ్యాకప్ ప్రోగ్రాములో ఉన్న చిరునామాతో పోల్చండి.

2. చివరి బ్యాకప్‌లో ఎన్ని ఫైళ్ళు కాపీ అయ్యాయో చూడండి. సున్నా అయితే కారణం రాయండి.

3. పై పద్ధతిలో మూడు ఫైళ్ళను తిరిగి తెచ్చి తెరవండి. తెరుచుకోనిది ఏది? ఎందుకు?

4. తిరిగి దొరకనివాటి జాబితా ఇంట్లో అందరూ కూర్చుని రాయండి. అమ్మానాన్నల ఫైళ్ళను కూడా అడిగి చేర్చండి.

5. ఒక నోటుబుక్కులో పరీక్ష చేసిన తేదీ, చేసినవారి పేరు రాయండి. ప్రతి సెమిస్టరు మొదట్లోనూ, విండోస్ మార్చిన ప్రతిసారీ మళ్ళీ చేసి, కింద మరో వరుస రాయండి.

ఈ అయిదింటిలో మూడోది మాత్రం ఈ ఆదివారమే చేయండి. మిగతావి వచ్చే వారానికి ఉంచుకోవచ్చు.